కుటుంబ పెద్ద ఎవరు?

ఇరవై ఏళ్లకు పైగా క్లాసులో న్యూ డీల్ పాఠం చెప్పాను. 1929లో షేర్ మార్కెట్ కూలింది, 1933 నాటికి అమెరికాలో ప్రతి నలుగురు పనివాళ్లలో ఒకరు నిరుద్యోగి, రూజ్వెల్ట్ వచ్చాడు, ఊరట, పునరుద్ధరణ, సంస్కరణ తెచ్చాడు. "మరి ఆడవాళ్లకేం ఇచ్చారు మేడమ్?" అని ఒకమ్మాయి అడిగితే ఫ్రాన్సెస్ పెర్కిన్స్ పేరు చెప్పాను. 1933లో కార్మిక మంత్రి అయి, కేబినెట్‌లో చేరిన తొలి మహిళ. ఆ ఒక్క పేరుతో తప్పించుకున్నాను. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

ఆడవాళ్లకేం ఇచ్చారు? నిరుద్యోగ యువకుల కోసం 1933లో పెట్టిన అడవుల సంరక్షణ శిబిరాల్లో 1942 వరకు పాతిక లక్షల మందికి పైగా పనిచేశారు. స్త్రీలకూ శిబిరాలు కావాలని ఎలినార్ రూజ్వెల్ట్ పట్టుబడితే నవ్వారు. చివరికి వాటిలోకి వెళ్లగలిగింది సుమారు ఎనిమిదిన్నర వేల మంది. 1937లో అవీ మూతపడ్డాయి. పరిశ్రమలకు రాసిన కోడ్‌లలో నాలుగోవంతు దాకా స్త్రీలకు తక్కువ కనీస వేతనాన్ని బాహాటంగానే నిర్ణయించాయి. 1935లో మొదలైన డబ్ల్యూ.పి.ఎ. పనులు కుటుంబానికి ఒక్కరికే, అదీ కుటుంబ పెద్దకే. పనిచేయగల భర్త ఉంటే ఆయనే పెద్ద. పని దొరికిన స్త్రీలలో సగానికి పైగా కుట్టు కేంద్రాలకే వెళ్లారు. ఆకలి కాలంలోనూ మన చేతికి సూదే!

భార్యాభర్తలిద్దరూ కేంద్ర ప్రభుత్వోద్యోగులైతే, సిబ్బందిని తగ్గించేటప్పుడు వారిలో ఒకరిని ముందుగా తీసేయాలని 1932 చట్టం చెప్పింది. 'భార్య' అన్న మాట అందులో లేదు. అయినా ఉద్యోగాలు పోయినవాళ్లలో అత్యధికులు భార్యలే. ఆ చట్టం హూవర్ కాలంలోదే, కానీ న్యూ డీల్ ప్రభుత్వం 1937 దాకా దాన్ని మోసింది.

1935 సోషల్ సెక్యూరిటీ చట్టం ఇళ్లలో, పొలాల్లో పనిచేసేవాళ్లను వదిలేసింది. నల్లజాతి శ్రామిక స్త్రీలలో అత్యధికులు చేసేది ఆ పనులే. వాళ్ల దగ్గర పన్ను వసూలు కష్టమన్నారు. ఇంటిపని చేసేవాళ్లు ఆ చట్టంలోకి రావడం 1950లో మొదలైంది. కనీస వేతన చట్టం 1938లో వస్తే, అది వాళ్లకు వర్తించింది 1974లో. 1935లోనే ఎల్లా బేకర్, మార్వెల్ కుక్ 'క్రైసిస్' పత్రికలో బ్రాంక్స్ వీధి మూలల గురించి రాశారు. నల్లజాతి స్త్రీలు అక్కడ నిలబడి ఎదురుచూసేవాళ్లు. గృహిణులు వచ్చి, గంటకు కొద్ది సెంట్లకు బేరమాడి తీసుకెళ్లేవాళ్లు. బేరమాడిందీ స్త్రీయే. ఇది మనం దాటేయకూడని మాట.

"ఆ రోజులకి అదే గొప్ప" అంటారు మిత్రులు. ఎవరికి గొప్ప? ఊరట అందని మనిషికి చరిత్ర క్రమం చెప్పి ఓదార్చగలమా?

దీన్ని దూరదేశపు కథ అనుకోలేను. మన 2005 ఉపాధి హామీ చట్టం పనిలో మూడోవంతు స్త్రీలకు దక్కాలంది. అది నిజమైన గెలుపే. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లాలో ఆ పథకం మొదలైంది. కానీ వంద రోజుల లెక్క కట్టింది మనిషికి కాదు, కుటుంబానికి. అత్త, కోడలు, కొడుకు అదే వందను పంచుకోవాల్సి వచ్చేది. పంచేదెవరు?

హక్కు ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోతే లోపల దాన్ని పంచేది పితృస్వామ్యమే. ఏ పథకాన్నైనా మెచ్చుకునే ముందు నేనిప్పుడు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: పేరు ఎవరిది, ఇంటిదా, ఆమెదా? ఆ అమ్మాయికి ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇది.