గజాలా హాష్మీ గవర్నరవుతారా?

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి 2026 జనవరి 17న లెఫ్టినెంట్ గవర్నరుగా ప్రమాణం చేసిన గజాలా హాష్మీ మన హైదరాబాదులో పుట్టిన బిడ్డ. పసితనం మలక్‌పేటలో గడిచింది. నాలుగేళ్ల వయసులో కుటుంబంతో అమెరికా వెళ్లిపోయారు. తల్లి కోఠీలోని ఉస్మానియా మహిళా కళాశాలలో చదువుకున్నారు. అందుకే కాబోలు, ఉస్మానియా ప్రాంగణంలోనూ, తార్నాకలో విద్యార్థులు గుమిగూడే చాయ్ దుకాణాల వద్దా ఒక ప్రశ్న ఉర్దూలోనూ తెలుగులోనూ మా చెవిన పడుతోంది: ఆమె రేపు గవర్నరు కూడా అవుతారా?

ముందుగా ఒక అపోహ తొలగాలి. మన దేశంలో గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు. మన నగరవాసి సరోజినీ నాయుడు 1947లో సంయుక్త రాష్ట్రాల గవర్నరయింది నియామకంతోనే. అక్కడ గవర్నరంటే ప్రజలు నేరుగా ఓటేసి ఎన్నుకునే పాలకుడు, మన ముఖ్యమంత్రి వంటివాడు. ఇతర దేశంలో పుట్టినవారు అమెరికా అధ్యక్షులు కాలేరు గానీ, వర్జీనియా గవర్నరు కావడానికి ఆ అడ్డు లేదు. మలక్‌పేట ఆమె దారికి అడ్డం రాదన్నమాట!

వర్జీనియాలో మరో విచిత్రమైన నియమం ఉంది. గవర్నరు వరుసగా రెండోసారి పోటీ చేయరాదు. 2025 నవంబరులో గెలిచిన అబిగైల్ స్పాన్‌బెర్గర్ 2029లో ఆ పదవికి నిలబడలేరు. కుర్చీ ఖాళీ అవుతుంది కనుక సహజంగానే చూపులు లెఫ్టినెంట్ గవర్నరు వైపు మళ్లుతాయి. బానిసల మనుమడైన డగ్లస్ వైల్డర్ సెనేటరుగా మొదలై, లెఫ్టినెంట్ గవర్నరై, 1989లో గవర్నరుగా గెలిచారు. అమెరికాలో ఆ పదవికి ఎన్నికైన తొలి నల్లజాతీయుడు ఆయనే. రాల్ఫ్ నార్తమ్ కూడా ఈ మెట్లే ఎక్కి 2017లో గెలిచారు. కానీ జస్టిన్ ఫెయిర్‌ఫాక్స్ 2021లో సొంత పార్టీ ఓటర్ల వద్దనే ఓడారు. విన్సమ్ సియర్స్ 2025లో స్పాన్‌బెర్గర్ చేతిలో ఓడారు. మెట్టు ఉన్నంత మాత్రాన మేడ ఎక్కినట్టు కాదు. ఆమె మనసులో ఏముందో అల్లాహ్‌కే ఎరుక. దారి మాత్రం తెరిచే ఉందని చెప్పగలం.

ఆమె ఇంతదాకా ఎలా వచ్చారన్నదే మాకు ఎక్కువ ముఖ్యం. ఆమె వృత్తిరీత్యా ఉపాధ్యాయురాలు. ఆంగ్ల సాహిత్యంలో డాక్టరేటు చేసి దాదాపు ముప్ఫయ్యేళ్లు కళాశాలల్లో పాఠం చెప్పారు. 2017లో కొన్ని ముస్లిం దేశాల వారిపై ట్రంప్ ప్రభుత్వం ప్రయాణ నిషేధం విధించినప్పుడు, ఈ దేశంలో మనకు చోటుందా అన్న బెంగ ఆమెనూ పట్టింది. ఆ బెంగతో ఇంట్లో కూర్చోలేదు. 2019లో రాష్ట్ర సెనేటుకు పోటీ చేసి, పదవిలో ఉన్న సభ్యుడిని ఓడించి, ఆ సభలో తొలి ముస్లిం అయ్యారు. (ఇది రాష్ట్ర సభ, వాషింగ్టన్‌లోని సెనేటు కాదు. రెంటినీ కలిపేసేవారు మనలో చాలామంది.) ఆమెకు ఓటేసినవారిలో అధిక సంఖ్యాకులు ముస్లిములు కారు. బడులు, వైద్యం గురించి ఆమె చెప్పింది విని వేశారు.

ఇక మన ఇంటి సంగతి. ఆమె గెలిచిన రోజు మిఠాయిలు పంచుకున్నాం, మంచిదే. అయితే తెలంగాణ ఏర్పడిన తర్వాత 2014, 2018, 2023 ఎన్నికల్లో ఒక్క ముస్లిం మహిళ కూడా శాసనసభకు గెలవలేదు. ఈ నగరం ఎప్పుడూ ఇలాగే ఉందా? లేదు. మాసుమా బేగం 1952లో శాలిబండ నుంచి శాసనసభకు గెలిచి, 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రి అయ్యారు. ఆమె పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు? నగరపాలక సంస్థలో మహిళల కోటా పుణ్యమా అని మన ఆడపడుచులు కార్పొరేటర్లయ్యారు. కానీ పోస్టరు మీద ఆమె పేరు, పెద్ద ఫొటో భర్తది! పిటిషను పట్టుకు వెళితే మాట్లాడేదీ ఆయనే.

ఉస్మానియాలో మన అమ్మాయిలు ఎందరో చదువుతున్నారు. నిఖాబ్‌తో వచ్చి పరిశోధన చేస్తున్నవారినీ చూస్తున్నాం. వారిలో ఒకరు ‘అబ్బాజాన్, నేను ఎన్నికల్లో నిలబడతాను’ అంటే ఆ ఇంట్లో ఏమవుతుంది? మలక్‌పేట బిడ్డ గవర్నరు కావాలని దుఆ చేసే ఆ తండ్రే, ‘మన ఖాందాన్‌లో లేని పని’ అని నోరు మూయిస్తాడు. పరాయి దేశంలో గర్వకారణమైనది సొంత గడపలో పరువు తక్కువ ఎలా అవుతుందో మాకు అర్థం కాదు. పార్టీల తప్పు తక్కువేమీ కాదు. గెలిచే సీటు ముస్లిం మహిళకు ఇవ్వడానికి వాటికి చేతులు రావు. కానీ టికెట్టు అడిగేవారే లేకపోతే పార్టీలను ఏమని నిలదీస్తాం?

వర్జీనియా ఎన్నిక 2029 నవంబరులో. మన శాసనసభ ఎన్నికలు అంతకంటే ముందే, 2028 చివరికి జరగవలసి ఉంది. గజాలా పేరు అక్కడి జాబితాలో ఉంటుందో లేదో చూడడానికి ముందు, ఇక్కడి అభ్యర్థుల జాబితాల్లో మన ఆడబిడ్డల పేర్లు ఎన్ని ఉంటాయో మేము లెక్కపెడతాము.