సర్దిన ఇల్లు సర్దినట్టే ఉండాలంటే...

భోగికి అటక దులిపి పాత సామానంతా తీసేస్తాం. ఉగాది నాటికి ఇల్లు మళ్ళీ మామూలే! మా ఇంట్లోనూ అంతే. ఒక రాత్రి మా అత్తయ్యగారికి ఆయాసం వస్తే ఇన్‌హేలర్ కనపడలేదు. టీవీ పక్కన బిల్లులు, క్యారీబ్యాగుల కింద దొరికేసరికి నా ప్రాణం పోయినంత పనైంది.

మర్నాడే మందులకు అలమరలో ఒక అర కేటాయించాను. అందులో ఇంకేమీ పెట్టనివ్వను. కొత్త చీర కొంటే పాతదొకటి ఎవరికైనా ఇచ్చేస్తాను. స్వీటు డబ్బాలు మూడుకు మించి దాచను. రాత్రి పడుకోబోయే ముందు పది నిమిషాలు, ఎక్కడి వస్తువు అక్కడికి చేరాల్సిందే.

"ఎప్పటికైనా పనికొస్తుందేమోనే, ఉంచు" అంటారు మావారు. "ఆ రాత్రి ఏం పనికొచ్చిందండీ?" అంటాను. ఇక మాట్లాడరు! మీరూ ముందు మందుల అరతో మొదలుపెట్టి చూడండి.