పెట్కర్ పేరు లేని పతకాల పట్టిక



ఒలింపిక్స్ దగ్గరపడిన ప్రతిసారీ మన పత్రికల్లో ఒక పట్టిక వస్తుంది. 1900లో పారిస్‌లో నార్మన్ ప్రిచర్డ్ తెచ్చిన రెండు రజతాలతో అది మొదలవుతుంది. 1928 నుంచి హాకీ స్వర్ణాలు, 1952లో హెల్సింకీలో ఖాషాబా జాదవ్ కాంస్యం, 1996లో లియాండర్ పేస్, 2000లో మన కరణం మల్లీశ్వరి, 2008లో అభినవ్ బింద్రా, ఆ తర్వాత నీరజ్ చోప్రా, ఇలా సాగుతుంది. గ్రూప్స్‌కూ డీఎస్సీకీ చదివే పిల్లలు దాన్ని కంఠస్థం చేస్తారు. అంతర్జాతీయ క్రీడల్లో భారతదేశ చరిత్ర అంటే వాళ్ల దృష్టిలో ఆ పట్టికే. అందులో మురళీకాంత్ పెట్కర్ పేరు ఉండదు, దేవేంద్ర ఝఝారియా పేరు ఉండదు, వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వెళ్లి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జీవాంజి దీప్తి పేరూ ఉండదు. పారాలింపిక్స్‌ను మన క్రీడాచరిత్రకు అనుబంధంగా కాక, ఆ చరిత్రలోనే ఒక భాగంగా రాయాలన్నది ఈ లేఖ ద్వారా నేను చెప్పదలచుకున్న సంగతి.

1972నే తీసుకుందాం. ఆ ఏడాది ఒలింపిక్స్ మ్యూనిక్‌లో జరిగాయి. అక్కడ మనకు దక్కింది హాకీలో ఒక కాంస్యం. పట్టికలో 1972 ఎదురుగా కనిపించేది అదొక్కటే. మ్యూనిక్ క్రీడలకు కొద్దిరోజుల ముందు, అదే ఆగస్టులో, అదే పశ్చిమ జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పారాలింపిక్స్ జరిగాయి. అక్కడ 50 మీటర్ల ఫ్రీస్టైల్ ఈతలో తన విభాగంలో పెట్కర్ 37.33 సెకన్లలో గమ్యం చేరి, ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచారు. ఆయన సైన్యంలో బాక్సర్. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింది భాగం చచ్చుబడింది. 1968లో టెల్ అవీవ్ పారాలింపిక్స్‌కు టేబుల్ టెన్నిస్ ఆడటానికి వెళ్లారు. నాలుగేళ్ల తర్వాత ఈతలో స్వర్ణం తెచ్చారు. బింద్రా స్వర్ణం కంటే 36 ఏళ్ల ముందు ఒక భారతీయుడు వ్యక్తిగతంగా గెలిచిన ఈ స్వర్ణానికి ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది 2018లో. జీవితకాల కృషికి అర్జున పురస్కారం అందింది 2025 జనవరిలో. మధ్యలో 2024లో ఆయన జీవితం మీద హిందీ సినిమా వస్తే తప్ప మనలో చాలామందికి ఆ పేరే తెలియలేదు. ఒక దేశం తన విజేతను గుర్తించడానికి దాదాపు అర్ధ శతాబ్దం తీసుకుందంటే, తప్పు లెక్క రాసే పద్ధతిలోనే ఉంది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. పారాలింపిక్స్‌లో విభాగాలు ఎక్కువ, ఒక్కో విభాగంలో పోటీదారులు తక్కువ, కాబట్టి పతకం సులువు, రెండింటినీ ఒకే తక్కెడలో తూచకూడదని చాలామంది అంటారు. విభాగాలు ఎక్కువన్నది నిజమే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 329 పతకాంశాలుంటే పారాలింపిక్స్‌లో 549 ఉన్నాయి. అందుకే పారాలింపిక్స్‌లో మన 29 పతకాలను ఒలింపిక్స్‌లోని 6 పతకాల పక్కన పెట్టి ఎవరు గొప్పని అడగడం సరికాదని నేనూ అంటాను. అయితే పోటీదారుల సంఖ్యే కొలమానమైతే మనం ఎంతో గర్వంగా చెప్పుకునే హాకీ చరిత్ర సంగతి చూడండి. 1932లో లాస్ ఏంజెలెస్‌లో హాకీ ఆడింది మూడే జట్లు: మనం, జపాన్, అమెరికా. అమెరికాను మనం 24-1తో ఓడించాం. రెండు మ్యాచ్‌లూ ఓడిన ఆ జట్టుకూ కాంస్యం దక్కింది. 1980లో మాస్కోలో సగం ప్రపంచం బహిష్కరించాక మిగిలింది ఆరు జట్లు. మనం చివరిసారి హాకీ స్వర్ణం గెలిచింది అప్పుడే. ఆ స్వర్ణాలను ఎవరూ పట్టికలోంచి తీసేయమనలేదు, అనకూడదు కూడా. ధ్యాన్‌చంద్ ఆట గొప్పతనం ఎదుటి జట్ల సంఖ్యను బట్టి తగ్గదు. అదే న్యాయం పెట్కర్‌కు ఎందుకు వర్తించదు?

విభాగాల సంగతీ అంతే. మల్లీశ్వరి సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది 69 కిలోల విభాగంలో. ఆమెకంటే బరువైన లిఫ్టర్లు ఆమెకంటే ఎక్కువే ఎత్తగలరు. అంతమాత్రాన ఆ పతకం విలువ తగ్గిందని మనమెవరమైనా అన్నామా? కుస్తీలో, బాక్సింగ్‌లో, వెయిట్‌లిఫ్టింగ్‌లో శరీరాల మధ్య తేడా పోటీని నిర్ణయించకూడదనే బరువుల వారీ విభాగాలు పెట్టారు. పారా క్రీడల్లో వైకల్యం స్వభావాన్నీ తీవ్రతనూ బట్టి చేసే వర్గీకరణ వెనక ఉన్నదీ ఆ సూత్రమే. ఎఫ్46 అంటే చేతికి సంబంధించిన వైకల్యం ఉన్న త్రోయర్లు, టీ20 అంటే మేధోపరమైన వైకల్యం ఉన్న రన్నర్లు. 69 కిలోలు అన్న మాట మనకు సహజంగా వినిపించి టీ20 అన్న మాట వింతగా వినిపించడానికి కారణం అలవాటే.

పతకం సులువనే వాళ్లు దీప్తి పరుగు వివరాలు ఒకసారి చూడాలి. 2024 మేలో కోబె ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆమె 400 మీటర్లను 55.07 సెకన్లలో పూర్తిచేసి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. పారిస్‌కు ప్రపంచ రికార్డుతో వెళ్లింది. అక్కడ హీట్స్‌లోనే తుర్కియే అమ్మాయి 54.96తో ఆ రికార్డును తుడిచేసింది. ఫైనల్‌లో ఉక్రెయిన్ రన్నర్ 55.16తో స్వర్ణం, తుర్కియే అమ్మాయి 55.23తో రజతం, దీప్తి 55.82తో కాంస్యం గెలిచారు. మొదటి ముగ్గురి మధ్య తేడా సెకనులో నూరింట 66 వంతులు. కోబెలో పరిగెత్తినట్టు పరిగెత్తి ఉంటే స్వర్ణమే ఆమెది. ప్రపంచ రికార్డు నాలుగు నెలలైనా నిలవని పోటీని సులువైన పోటీ అని ఎలా అంటాం? ఈ వివరాలు మన భాషలో చదవడానికి ఎన్నిచోట్ల దొరికాయో ఆలోచించండి. ఊళ్లో వాళ్లు ఆమెను హేళన చేశారన్న కథ మాత్రం ప్రతిచోటా వచ్చింది. అది నిజమే కావచ్చు, బాధాకరమైన నిజం. కానీ ఆమె ఒక రన్నర్. ఆమె గురించి మొదట చెప్పాల్సింది ఆమె టైమింగ్.

రెండో అభ్యంతరం సాంకేతికమైనది. ఒలింపిక్స్‌ను నడిపే కమిటీ వేరు, పారాలింపిక్స్‌ను నడిపే కమిటీ వేరు, వాటి రికార్డులూ వేర్వేరు, కలిపితే గందరగోళమే అంటారు. కూడికలు వేయమని నేనూ అనడం లేదు. పారిస్ దాకా ఒలింపిక్స్‌లో మనకు 41, పారాలింపిక్స్‌లో 60 పతకాలు. వాటిని కలిపి 101 అనక్కర్లేదు. పక్కపక్కనే వేస్తే చాలు. కామన్వెల్త్ క్రీడల్లో అయితే కలిపి లెక్కించే పనీ ఎప్పుడో జరిగిపోయింది. 2002 మాంచెస్టర్ నుంచి అక్కడ పారా పతకాలు దేశం లెక్కలోనే చేరుతున్నాయి. 2022 బర్మింగ్‌హామ్‌లో మనకు 22 స్వర్ణాలని అందరం రాసుకున్నాం. వాటిలో టేబుల్ టెన్నిస్‌లో భవీనా పటేల్‌ది ఒకటి, పవర్‌లిఫ్టింగ్‌లో సుధీర్‌ది ఒకటి. ఆ రెండూ తీసేస్తే 20. తీసేయాలని ఒక్కరికీ తోచలేదు. ఇక ప్రిచర్డ్ సంగతి. ఆయన బ్రిటన్ తరఫున పరిగెత్తారని అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య తన రికార్డుల్లో రాసుకుంది. ఒలింపిక్ కమిటీ మాత్రం ఆ రజతాలను మన ఖాతాలోనే ఉంచింది, మనమూ వాటిని వదులుకోలేదు. ఎవరివో తేలని పతకాల కోసం అంత పట్టుదల చూపే మనం, 1965 యుద్ధంలో ఈ దేశం కోసం తూటాలు తిన్న సైనికుడి స్వర్ణాన్ని పట్టిక బయట ఉంచాం.

లెక్కలోకి రానందువల్ల పతకాలకు గుర్తింపు లేకపోవడమే కాదు, వైఫల్యాలకూ జవాబుదారీ లేకుండా పోయింది. పెట్కర్ స్వర్ణం తర్వాత 1976, 1980 పారాలింపిక్స్‌కు భారత్ అసలు వెళ్లనే లేదు. ప్రపంచ రికార్డు కొట్టిన క్రీడలకు దేశం వరసగా రెండుసార్లు గైర్హాజరైంది, హాకీలో అలా జరిగి ఉంటే పార్లమెంటు అట్టుడికేది. 1984లో నాలుగు పతకాలు వచ్చాయి, వాటిలో మూడు జోగిందర్ సింగ్ బేదీ ఒక్కరివే. ఆ తర్వాత 2004 దాకా ఏమీ లేదు. ఏథెన్స్‌లో ఝఝారియా జావెలిన్‌ను 62.15 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచారు. ఆయన అంశాన్ని 2008, 2012 క్రీడల్లో నిర్వాహకులు చేర్చలేదు. పన్నెండేళ్లు ఆగి, రియోలో 63.97 మీటర్లతో మళ్లీ స్వర్ణం గెలిచారు. ఒలింపిక్స్‌లో రెండు వ్యక్తిగత స్వర్ణాలు గెలిచిన భారతీయులు ఇప్పటికీ లేరు. ఆ రియో క్రీడలకు ముందు ఏడాది, 2015లో, ఘాజియాబాద్‌లో జరిగిన జాతీయ పారా అథ్లెటిక్స్ పోటీల్లో క్రీడాకారులకు సరైన వసతి, వాడుకోవడానికి వీలైన మరుగుదొడ్లు లేక దేశం పరువు పోయింది. మన పారాలింపిక్ కమిటీని అంతర్జాతీయ కమిటీ సస్పెండ్ చేసింది. ఇవన్నీ ఈ దేశ క్రీడాచరిత్రలో జరిగిన సంగతులే. చరిత్రగా రాసి ఉంటే ఎవరో ఒకరు ముందే నిలదీసేవారు.

పట్టించుకోవడం మొదలయ్యాక ఏం జరిగిందో కూడా చూడాలి. రియోకు 19 మంది వెళ్లి 4 పతకాలు తెచ్చారు. టోక్యోకు 54 మంది వెళ్లి 19, పారిస్‌కు 84 మంది వెళ్లి 29 తెచ్చారు. ఒలింపిక్ పతకం ఆశించదగ్గ వారికోసం పెట్టిన కేంద్ర పథకంలో పారా క్రీడాకారులకూ చోటు దక్కడం, శిబిరాలూ విదేశీ శిక్షణా అందడం దీనికి కారణాలు. దీప్తికి తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటిస్థలం, ఉద్యోగం ప్రకటించడమూ మంచి పనే. అయితే పతకం వచ్చాక ఇచ్చే కోటి కంటే, పతకం రాకముందు జిల్లా కేంద్రంలో ఉండే ట్రాకూ శిక్షకుడూ ముఖ్యం. పారిస్‌లో గుండు విసిరి పతకానికి దగ్గరగా వచ్చి ఆగిపోయిన అనకాపల్లి జిల్లా వాసి రొంగలి రవి లాంటి వారికి కావలసింది అది. పతకం రాని ఆటగాడి పేరు ప్రజలకు తెలిస్తేనే ప్రభుత్వం మీద ఆ ఒత్తిడి ఉంటుంది, ప్రజలకు తెలియజెప్పే పని పత్రికలది.

అందుకే సంపాదకులైన మీకు ఈ విజ్ఞప్తి. లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ 2028 జులైలో, పారాలింపిక్స్ ఆగస్టులో జరుగుతాయి. అప్పుడు మీరు వేసే ప్రత్యేక అనుబంధంలో ఒలింపిక్ పట్టిక పక్కనే, అదే సైజు అక్షరాల్లో పారాలింపిక్ పట్టికనూ వేయండి. పోటీ పరీక్షల పేజీలో బింద్రా ప్రశ్న ఉండనివ్వండి, దాని కిందే పారాలింపిక్స్‌లో తొలి భారత స్వర్ణం ఎవరిదన్న ప్రశ్న చేర్చండి. పారా పోటీల ఫలితాలను టైమింగులతో, దూరాలతో, ప్రత్యర్థుల పేర్లతో క్రీడల పేజీలోనే ఇవ్వండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, వరంగల్