మా పొగ ఏ పద్దులో ఉంది?

మాది చెవిటికల్లు. నందిగామ దాటి జగ్గయ్యపేట వెళ్తే ఆ చుట్టుపక్కలంతా సిమెంటు ఫ్యాక్టరీలే. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని పూర్తిగా కాలిస్తే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇంటర్ కెమిస్ట్రీయే కదా! మన దేశం ఐక్యరాజ్యసమితికి పంపే లెక్కలో అది పరిశ్రమల పద్దు, బట్టీలో మండిన బొగ్గుది ఇంధనం పద్దు. ఒకే గొట్టం, రెండు పద్దులు. తప్పేం కాదు, అన్ని దేశాలూ ఒకే పద్ధతిలో రాస్తేనే పోల్చి చూడగలం.

2024 డిసెంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం 2020లో మన మొత్తం, అడవులు పీల్చుకున్నది తియ్యకుండా, కార్బన్ డయాక్సైడ్ లెక్కన 295.9 కోట్ల టన్నులు. మరి ఇందులో జగ్గయ్యపేటది ఎంత? దేశం పట్టికలో ఊళ్ళ పేర్లుండవు. నన్నడిగితే దానికింద ఫ్యాక్టరీల వారీ లెక్కలు కూడా, తెలుగులో, అందరికీ కనపడేలా పెట్టాలి. లేకపోతే రేపు మా ఊళ్ళో ఎవరైనా అడిగితే ఏం చూపించను, 295.9 కోట్లా?