కంపెనీల పెద్దపీటలు - మన పట్టభద్రులు

ఏలూరునకు చేరువనున్న వట్లూరులో 1989వ సంవత్సరమున సర్ సి. ఆర్. రెడ్డి ఇంజనీరింగు కళాశాల నెలకొన్నది. నాటినుండి యువకులు, యువతులు ఏటేట పట్టాలు పుచ్చుకొని యచ్చటినుండి వెలువడుచున్నారు. ఉద్యోగము దొరకిన పిమ్మట వీరిలో నెందరు కంపెనీల నాయకత్వమునకు చేరగలరు? అందులకు కావలసిన దేమి? ఈ ప్రశ్నను ముఖప్రీతి మాటలతో దాటవేయుట మా కిష్టము లేదు.

అరవింద కృష్ణగారి పేరు మనవారు వెంటనే చెప్పుదురు. ఏలూరు ముఖ్యపట్టణముగా నుండిన నాటి పశ్చిమగోదావరి జిల్లాలో 1962లో జన్మించిన యీయన 2020 ఏప్రిలులో ఐ.బి.ఎం. కంపెనీకి ముఖ్య కార్యనిర్వహణాధికారి యైరి. జిల్లావారు గర్వించుట సహజము. కాని యాయన తండ్రిగారు సైన్యమున మేజరు జనరలు. చదువు కూనూరులోను, డెహ్రాడూనులోను, తరువాత కాన్పూరు ఐ.ఐ.టి.లోను సాగినది; డాక్టరు పట్టము అమెరికాలో లభించినది. సత్య నాదెళ్లగారి జనకులు యుగంధరుగారు ఐ.ఏ.ఎస్. అధికారి. కుమారుడు చదివినది బేగంపేటలోని హైదరాబాదు పబ్లిక్ స్కూలున. ఆంగ్లభాష యింటిలోనే యబ్బినవారికిని, ఇంటరు పూర్తియగువరకు ఇంగ్లీషున నోరు విప్పని పెదపాడు పిల్లవానికిని పరుగు ఒక్క గీతనుండి మొదలగుట లేదు. విజయము తరువాత మనవాడని చాటుకొనుట సుళువు. విజయమునకు ముందు మన మిచ్చినదేమి?

అట్లని యిది కేవలము పుట్టుక మహిమ యనుట యన్యాయము. కృష్ణగారు 1990లో ఐ.బి.ఎం. పరిశోధనశాలలో చేరి ముప్పదియేండ్లకు గద్దె నెక్కిరి. నాదెళ్లగారు 1992లో మైక్రోసాఫ్టున చేరి, కొలువు విడువకయే షికాగో విశ్వవిద్యాలయమున వ్యాపారనిర్వహణ పట్టమును 1997లో సంపాదించి, 2014 ఫిబ్రవరిలో నాయకులైరి. ఇంజనీరుగా తన పని తనకు క్షుణ్ణముగ దెలియవలెను. కాని యంతటితో మెట్లు ముగియవు. ఆదాయవ్యయములు చదువుట, కొనువాని మనసెరుగుట, తనకంటె తెలివిగలవారిచే పని చేయించుట, నష్టము వచ్చినచో నా నింద తనపై వేసికొనుట - ఇవి పరీక్షాపత్రములలో గనబడవు. 2019లో 3,400 కోట్ల డాలర్లతో రెడ్ హ్యాటు కంపెనీని ఐ.బి.ఎం. కొనుట వెనుక కృష్ణగారి ప్రోద్బలము గలదు. అది బెడిసియుండినచో ఆయన పేరు నేడు మన జిల్లాలో నెవరికి దెలిసియుండును? రెండేండ్లకొకసారి కొలువు మార్చి జీతము పెంచుకొను మన యువకులను మేము దూషింపము. ఇంటి యప్పు తీర్చవలసినవానికి వేరు దారి యేది? అయినను, ఒకచోట నిలిచి పెద్దపని తలకెత్తుకొనని వానిని పెద్దపీటకు బిలుచువారుండరు.

ఇక స్వదేశమున వేరొక యడ్డుగోడ గలదు. మన కంపెనీలలో ననేకము కుటుంబముల సొత్తు. తండ్రి యధ్యక్షుడు, కొడుకు మేనేజింగు డైరెక్టరు. ఈ రెండు పదవులు వేరుచేసి, వాని నధిష్ఠించువారి నడుమ బంధుత్వము లేకుండ జేయవలెనని సెబీ 2018లో పెద్ద లిస్టెడు కంపెనీలకు నియమము విధించెను. గడువులు పెంచి పెంచి, 2022 ఫిబ్రవరిలో దానిని ఐచ్ఛిక మొనర్చెను. ఇది మా దృష్టిలో వెనుకంజ. ఎంత సమర్థుడైనను జీతగాడు జీతగాడే యని చెప్పక చెప్పిన యట్లయినది. కనీస మొక స్త్రీ డైరెక్టరుండవలెనని కొన్ని తరగతుల కంపెనీలకు 2013 కంపెనీల చట్టము విధించినది. ఆ స్థానమును యజమాని భార్యతోనో, కూతురితోనో నింపినను చట్టము తీరినట్లే!

గుండుగొలనులో జన్మించిన భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు వైద్యులు. బందరులో 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించి, గుమాస్తాల కొలువులతోపాటు నిర్వాహకుల కొలువులను గూడ తెలుగుదేశముననే పుట్టించిరి. ఆ బ్యాంకు 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియను బ్యాంకున లీనమై పేరు గోల్పోయినది. ఆ నెలలోనే కృష్ణగారు అమెరికాలో గద్దె నెక్కిరి. మన పత్రికలలో రెండవ వార్తకు దక్కిన సంబరములో నాలుగవవంతైన మొదటిదానికి విచారము దక్కలేదు.

కొల్లేటి ప్రాంతపు చెరువుల చేపలు మంచులో వేసి బంగాళమునకు, అస్సామునకు లారీలలో బోవుచున్నవి. ఇంతటి వ్యాపారము నడుమ నున్న కళాశాలలలో ప్రతి యింజనీరింగు విద్యార్థికిని జమాఖర్చులు, కంపెనీ చట్టము తప్పనిసరిగా బోధింపవలెను. సెలవులలో నొక మాసమైనను వారిని చేపల ఎగుమతిదారుల లెక్కలకడ గూర్చుండబెట్టవలెను. పాఠ్యక్రమమును నిర్ణయించు విశ్వవిద్యాలయమువా రిందులకు రానున్న విద్యాసంవత్సరముననే పూనుకొందురా?