కంద కుళ్లు చేలోనే ఆగదు

చల్లపల్లి, మోపిదేవి, ఘంటసాల వైపు కంద వేసే రైతుకు మొదలు కుళ్లు పాత శత్రువే. ఆగస్టు, సెప్టెంబరు ముసుర్లలో నేలను ఆనుకున్న కాడ మీద గోధుమరంగు మచ్చ పడుతుంది. ఆకులు పసుపు తిరిగి, కొద్ది రోజుల్లోనే మొక్క పక్కకు ఒరుగుతుంది. మొదలు దగ్గర మట్టి కదిపితే తెల్లటి దారాల బూజు, దాని మీద ఆవగింజలంత గుండ్లు కనిపిస్తాయి. స్క్లెరోషియం రాల్ఫ్‌సై అనే ఈ శిలీంధ్రం ఆ గుండ్ల రూపంలో నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది. వేరుశనగనూ మిరపనూ పట్టి పీడించేదీ ఇదే.

చేలో కనపడే ఈ నష్టం సగమే. మిగతా సగం ఏ లెక్కలోకీ ఎక్కడం లేదు.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వచ్చింది. లంకల్లో అరటి, పసుపు, కంద మునిగాయి. ఇలాంటప్పుడు నీరు తీశాక సిబ్బంది వచ్చి నష్టం రాసుకుంటారు. 33 శాతం, ఆపైన పోతేనే పెట్టుబడి రాయితీ. వరి పడిపోతే కంటికి కనిపిస్తుంది. కందలో పైన ఆకు పచ్చగా ఉండగానే కింద దుంప మెత్తబడవచ్చు. ఆ సంగతి తవ్వకాల్లో గానీ బయటపడదు. అప్పటికి జాబితాలు మూసేసి ఉంటారు.

తవ్వాక కుళ్లు ఇంకా ముదురుతుంది. గునపం తగిలిన ప్రతి గాటూ బూజుకు దారి ఇస్తుంది. తడి మట్టితోనే రాశి పోస్తే అడుగున ఉక్కకు ఒక దుంప కుళ్లి, పక్కదానికీ అంటిస్తుంది. పైకి రాశి నిక్షేపంగా ఉంటుంది. అడుగు దుంపను నొక్కితే వేలు దిగబడుతుంది.

మరుసటి ఏటికి విత్తనం కోసేది ఆ రాశిలోంచే. 90 సెంటీమీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి దాదాపు 5,000 మొక్కలు. అర కిలో ముక్క చొప్పున రెండున్నర టన్నుల దుంప కావాలి. కంద సాగులో పెద్ద ఖర్చు అదే. అప్పు చేసి కొనే కౌలు రైతు తెగులును కంటితో, చేత్తో పసిగట్టాల్సిందే.

కొవ్వూరు పరిశోధన స్థానం గజేంద్ర లాంటి మంచి రకాన్ని ఇచ్చింది. ముక్కల్ని ట్రైకోడెర్మా కలిపిన పేడనీళ్లలో ముంచి నీడన ఆరబెట్టడం, దుక్కిలో వేపపిండి వేయడం రైతులకు తెలుసు. కంద తర్వాత వరి వేస్తే వారాల తరబడి నిలిచిన నీటిలో గుండ్లు చాలావరకు చస్తాయి. కానీ మురుగు పోని చేలో కంద వేరు ఊపిరాడక నీరసిస్తుంది, అప్పుడు ఏ మందూ నిలవదు. డెల్టా మురుగు కోసం 1968లోనే డ్రైనేజీ సెస్సు చట్టం తెచ్చారు. ఇన్నేళ్ల తర్వాతా డ్రెయిన్లలో గుర్రపుడెక్క, తూటికాడ పేరుకుపోవడం క్షమించరాని నిర్లక్ష్యం. నాట్లకు ముందే, ఎండాకాలంలోనే పూడిక తీయాలి.

నైజీరియాలో పెండలం జాతి దుంపల్ని నిలువు కర్రలకు విడివిడిగా కట్టి, నీడలో గాలికి ఉంచుతారు. మన కంద వేరే కుటుంబానిదైనా దానికీ కావలసింది గాలి, నీడ, ఎడం. సొసైటీ గోదాముల పక్కన తట్టలతో ఒక షెడ్డు వేయడం ప్రభుత్వానికి భారమేమీ కాదు.

అన్నిటికన్నా ముందు, మునిగిన కంద చేలకు తవ్వకం నాడు రెండోసారి నష్టం నమోదు చేయాలి. దుంప జాతి పంటలకు ఈ నిబంధన విడిగా రాయాలి. ఈ-క్రాప్ పంట నమోదులో భూయజమానితో పాటు సాగు చేసిన కౌలు రైతు పేరు ఉంటేనే రాయితీ డబ్బు నష్టపోయిన చేతికి చేరుతుంది.