అమ్మను సున్నా అని రాసి మార్కులు తెచ్చుకున్నా



మీలో ఎకనామిక్స్ చదివినవాళ్ళకు ఈ పాఠం గుర్తుంటుంది. వెనుకబడిన దేశాల్లో సాంప్రదాయ రంగంలో కూలీలు అవసరానికి మించి ఉంటారు, వాళ్ళ ఉపాంత ఉత్పాదకత దాదాపు సున్నా, వాళ్ళు ఆధునిక రంగానికి తరలితేనే అభివృద్ధి. 1954లో ఆర్థర్ లూయిస్ చెప్పిన సిద్ధాంతం ఇది.

నేను దాన్ని నోట్సులో రాసుకునే రోజుల్లో మా అమ్మ నల్లమలలో తపసి జిగురు తీస్తుండేది. చెట్టుకు గాటు ఎంత లోతు పెట్టాలో ఆమె చేతికి తెలుసు. ఎక్కువైతే చెట్టు చచ్చిపోతుంది. ఇంత తెలిసిన మనిషిని పరీక్షలో సున్నా అని రాసి మార్కులు తెచ్చుకున్నా. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

లూయిస్‌ను తిట్టి ఏం లాభం? ఆయనా వలస పాలన చూసిన సెయింట్ లూసియా దీవి బిడ్డే. తప్పల్లా ఆ పాఠాన్ని తెచ్చి మన అడవి పక్కన నిలబెట్టి చూడకపోవడంలో ఉంది. నిలబెడితే తెలుస్తుంది, నల్లమలలో మితిమీరింది మనుషులా, ఆంక్షలా అని.

ఇప్పుడు మ్యాపు తీయండి. కృష్ణకు అవతల అమ్రాబాద్ వైపు అప్పాపూర్, మన్ననూర్. ఇవతల పాత కర్నూలు జిల్లాలో, అంటే ఇప్పటి నంద్యాలలో, బైర్లూటి, నాగలూటి. రెండు గట్ల మీదా చెంచులే, ఒకటే నల్లమల. కానీ 1950లో అవతలి గట్టు హైదరాబాద్ రాష్ట్రం, ఇవతలిది మద్రాస్ రాష్ట్రం. అవతల ఐదో షెడ్యూల్ వచ్చింది, ఇవతల రాలేదు. అందుకే 1/70 చట్టం గానీ 1996 పెసా చట్టం గానీ మన గూడేలకు వర్తించవు. నది దాటితే హక్కు మాయం!

అవతల అంతా స్వర్గమని నేననడం లేదు. అక్కడా యురేనియం అన్వేషణ ముప్పు వచ్చింది, జనం లేచాక 2019 సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ వ్యతిరేక తీర్మానం చేసింది. నేనడిగేది ఒక్కటే. ఒకే తెగ, ఒకే అడవి, రెండు చట్టాలు. చట్టం పేదరికాన్ని ఏం చేస్తుందో తేల్చడానికి ఇంతకంటే మంచి సహజ ప్రయోగం ఎక్కడ దొరుకుతుంది? పేదరికం మీద ప్రయోగాలు చేసినందుకు 2019లో బెనర్జీ, డఫ్లో, క్రెమర్‌లకు నోబెల్ ఇచ్చారు. మన ప్రయోగం డెబ్బై ఏళ్ళకు పైగా కళ్ళముందే నడుస్తోంది.

కరువు పాఠమూ అంతే. 1943 బెంగాల్ కరువు చెప్పండి, తప్పకుండా చెప్పండి. దాంతోపాటు 1876-78లో మన కర్నూలు, కడపల్లో పోయిన ప్రాణాల సంగతీ చెప్పండి.

సిలబస్ మన చేతుల్లో లేదు అంటారు. సరే, ప్రాజెక్టు టాపిక్ ఎవరి చేతుల్లో ఉంది? అందుకే కర్నూలు, కడపల్లో ఎం.ఏ. ఎకనామిక్స్ చెప్పే సార్లకు, మేడమ్‌లకు మా అడుగు ఇది:

ఒకటి. లూయిస్ పక్కనే 2006 అటవీ హక్కుల చట్టం పెట్టండి. సెక్షన్ 3(1)(సి) చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కు ఇస్తుంది. 3(1)(ఇ) చెంచుల్లాంటి ఆదిమ తెగల ఆవాస హక్కును గుర్తిస్తుంది. చదివించండి, ఎంత అమలైందో లెక్క తీయించండి.

రెండు. గూడేనికి వస్తే గ్రామసభను అడిగి రండి. తేలిందేమిటో తెలుగులో రాసి, గూడెంలో చదివి వినిపించండి.

మూడు. మీ విద్యార్థులకు అడవి లెక్క చెప్పే మా పెద్దలకు గెస్ట్ లెక్చరర్‌కు ఇచ్చే గౌరవం, ఇచ్చే డబ్బు రెండూ ఇవ్వండి.

ఇక తమ్ముడూ, చెల్లీ, మాట మీతోనే. ఇన్నాళ్ళూ సర్వేల్లో మనం శాంపిల్. ఈసారి ప్రశ్నాపత్రం మనం తయారుచేద్దాం. క్లాసులో సాంప్రదాయ రంగం అన్న మాట రాగానే లేచి నిలబడి అడగండి: "సార్, ఆ సున్నా ఎవరు వేశారు?"

జై ఆదివాసీ!